ఉన్న మొగుడి మీద బెంగ

“నెత్తళ్ళు కుళ్ళిపోనాయిరా. అన్ని బుట్టలూ పోనాయి. మీ ఆవిడికి సెప్పు, ముక్కు మూసుకుని పడుకోమని.”

లక్ష్మణమ్మ ఆ మాట కొడుకుతోనే అంది గానీ, గొంతు మాత్రం గోడ దాటి వీధి చివరిదాకా వెళ్ళేటట్టు పెట్టింది. ఆవిడ గొంతుకి గుట్టు అనేది పుట్టుకతోనే అలవాటు లేదు.

నాగబాబు తడిసిన వలని అరుగు మీద పడేసి చేపల బుట్టల దగ్గరికి వెళ్ళాడు. పరదా ఎత్తగానే వాసన గుప్పుమంది. ఉప్పు సంచి పక్కనే ఉంది, మూతి కూడా విప్పలేదు. నిన్న వేటకి వెళ్ళే ముందు గౌరికి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ముసురు పట్టింది, ఎండబెట్టడం ఎలాగూ కుదరదు, కనీసం ఉప్పయినా పట్టించి ఉంచమన్నాడు. గౌరి “ఊఁ” అంది. ఆ ఊఁలో ఏమీ లేదని ఇప్పుడు తెలిసింది.

లోపలికి వెళ్ళాడు. నడిమింట్లో మంచం మీద గౌరి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఆ గదికి కిటికీ లేదు. పట్టపగలు కూడా అక్కడ మనిషి ఎవరో పోల్చుకోవాలంటే దగ్గరికి వెళ్ళాల్సిందే.

“ఉప్పు ఏల పట్టించలేదే?”

“లెగుద్దామనే అనుకున్నాను బావా.”

“మరి?”

“సెయ్యి లెగలేదు.”

అబద్ధం ఆడినా బాగుండేది. కోపంగా నాలుగు మాటలన్నా బాగుండేది. అప్పుడు నాగబాబూ నాలుగు అనేవాడు, గొడవై, సాయంత్రానికి సద్దుమణిగేది. గౌరి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పి ఊరుకుంది.

“ఏటంటాదిరా?” అంది వాకిట్లోంచి లక్ష్మణమ్మ.

“సెయ్యి లెగలేదంట.”

“అన్నం కాడ లెగుస్తాది కదా.”

ఆ మాటలో విషం ఉంది గానీ అబద్ధం లేదు. ఈ కాలం వచ్చిందంటే గౌరి అన్నం మీద అన్నం తినేది, తిని పడుకునేది, ఎంత పడుకున్నా నిద్ర చాలనట్టే లేచేది. నెత్తళ్ళు ఎండబెట్టడంలో ఆ జాలరిపేటలో ఆమెని మించిన ఆడది లేదు. ఇసకలో వల పరిచి, చేప మీద చేప పడకుండా చల్లి, ఏ గాలికి ఎప్పుడు తిరగెయ్యాలో చూడకుండానే చెప్పేది. అలాంటి మనిషి ముంగిట్లో చేప కుళ్ళిందంటే పేటంతా వచ్చి చూసిపోయే వింత.

అసలు ఇదంతా ఇన్నాళ్ళూ ఎవరికీ వింతగా తోచలేదు. పేటలో మగవాళ్ళు ఏటా శ్రావణం వచ్చేసరికి రైలెక్కి గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళిపోతారు. అక్కడి సేట్ల బోట్ల మీద వేట చేస్తారు. మళ్ళీ ఇంటిముఖం చూసేది ఎండలు ముదిరాకే. మగవాళ్ళు వెళ్ళాక ఆడవాళ్ళు కొన్నాళ్ళు దిగాలుపడటం, దానికి బెంగ అని పేరు పెట్టుకుని ఒకరినొకరు ఆటపట్టించుకోవడం అక్కడ మామూలే. గౌరి బెంగ అందరికన్నా రెండాకులు ఎక్కువ చదివింది, అంతే. మగవాళ్ళు రైలెక్కకముందే మొదలైపోయేది. అది కూడా ముచ్చటగానే చెప్పుకునేవాళ్ళు, మొగుడు సంచి తీస్తేనే మంచం పట్టేస్తుందని.

నిజం చెప్పుకోవద్దూ, అది వింటే నాగబాబుకి గొప్పగానే ఉండేది. బోటు మీద తోటివాళ్ళు “మీ ఆవిడ మళ్ళీ మంచమెక్కీసిందంటరా” అంటే పైకి విసుక్కునేవాడు. లోపల మీసం మెలేసుకునేవాడు. కూతురు కుమారికి పెళ్ళి చేసి పలాస పంపేసిన వయసులో కూడా తన కోసం పెళ్ళాం అంత ఇదైపోతోందంటే ఏ మగాడికి చేదు?

కానీ కిందటేడు ముదిరింది. గౌరి స్నానం మానేసింది, మాట మానేసింది. అందుకే ఈ ఏడు వెరావల్ వెళ్ళనని నాగబాబు జట్టు పెద్ద అసిరయ్యకి తెగేసి చెప్పేశాడు. పెళ్ళాం కోసం వేట మానుకున్న మగాణ్ణి పేట అంతకుముందు చూడలేదు. ముక్కున వేలేసుకుంది. గౌరి ఆ రోజు నవ్వింది. ఆ నవ్వు చూసి ఇంక అంతా కుదుటపడిందనుకున్నాడు వెర్రివాడు.

మబ్బులు కమ్మాయి. మొగుడు పక్కనే ఉన్నాడు. గౌరి మళ్ళీ అదే మంచం ఎక్కి, అదే గోడ వైపు తిరిగింది.

దీన్ని ఏమనాలో తెలియక పేట కాసేపు తికమకపడింది. తర్వాత కుళాయి దగ్గర ఎవరో “ఉన్న మొగుడి మీద బెంగ” అన్నారు. అందరూ నవ్వారు. ఆ మాట నాగబాబు చెవిన పడటానికి ఎంతోసేపు పట్టలేదు.

“ఒరే, నాను సెప్తే నీకు కోపం,” అంది లక్ష్మణమ్మ, కుళ్ళిన నెత్తళ్ళని గోతిలోకి వంపుతూ. “అది నా తమ్ముడి కూతురు. నాకేటి పగా? కానీ నువ్వే ఆలోసించు. నువ్వు ఎల్తే నీ కోసం ఏడ్సింది అనుకున్నాం. నువ్వుంటే ఏడుస్తందంటే మరి నీ వల్లే కదా?”

“నానేటి సేసినానే దాన్ని?”

“నాకేటి తెలుసు. మీ ఇద్దరికీ తెలియాలి.”

ఈ ప్రశ్న తనని తాను ఎన్నిసార్లు అడుక్కున్నాడో లెక్కలేదు. తాగొచ్చి కొట్టింది లేదు. ఒక్కమాట తూలింది లేదు. అయినా తనని చూడబట్టే ఆ మనిషి అలా అయిపోతోందంటే, తనలో ఏదో ఉండే ఉంటుంది.

మధ్యాహ్నం అసిరయ్య గొడుగు మడుచుకుంటూ వచ్చాడు. పెద్దమనిషి, దూరపు చుట్టం, మాట మెత్తన.

“నాగా, మన హరిబాబు కాలు ఇరగ్గొట్టుకున్నాడు. జట్టులో ఒక మడిసి తక్కువైనాడు. ఎల్లుండే ఆమదాలవలసలో రైలు బండి. నువ్వొస్తానంటే ఇంకెవుల్నీ అడగను.”

“వస్తాడు,” అంది లక్ష్మణమ్మ.

“అమ్మా, నువ్వుండు. రేపు దాన్ని సికాకుళం డాక్టరుకి సూపిస్తన్నాను మావా. సూపించి సెప్తాను.”

“ఏ డాక్టరు?”

నాగబాబు తల దించుకున్నాడు. అసిరయ్యకి అర్థమైంది. “రేపు సాయంత్రం వస్తాను” అని గొడుగు విప్పుకున్నాడు.

“పిచ్చి డాక్టరు కాడికా?” అంది లక్ష్మణమ్మ, ఆయన గుమ్మం దాటకముందే. “అయితే ఇంక వీధిలోకి ఎల్లక్కర్లేదు నాను.”

*

శ్రీకాకుళంలో కూడా వానే. బస్సు దిగి ఆటో ఎక్కి ఆసుపత్రి చేరేసరికి ఇద్దరూ సగం తడిశారు. డాక్టరు ఉమాశంకర్ తల తుడుచుకోమని తువ్వాలు ఇప్పించాడు. తొందరలేని మనిషి.

“ఎప్పటినుంచి ఇలా?”

“నాను ఎరావల్ ఎల్లినప్పటి నుంచండి. ఏటా అంతే,” అన్నాడు నాగబాబు.

“ఈ ఏడు వెళ్ళలేదన్నారుగా?”

“ఎల్లలేదండి.”

“మరి?”

నాగబాబు గౌరి వైపు చూశాడు.

“పోనీ, తగ్గేది ఎప్పుడు?”

“నాను తిరిగొచ్చీదాకా అలాగేనండి.”

“ఆవిడని చెప్పనివ్వండి.”

గౌరి కొంగు మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. డాక్టరు తొందరపెట్టలేదు.

“నాగులసవితికండి,” అంది చివరికి.

నాగబాబు చటుక్కున ఆమె వైపు తిరిగాడు. నాగులచవితికి తను ఎప్పుడూ ఇంట్లో లేడు. అప్పటికి వెరావల్‌లో వేట మంచి జోరు మీద ఉంటుంది.

“వానలు ఒగ్గీసినాక, ఒకరోజు పొద్దున్నే మెలకువొస్తాదండి. ఒళ్ళు తేలికగుంటాది. లెగిసి సేపలు ఆరబెట్టుకుంటాను. అంతే. మళ్ళీ మబ్బులొచ్చీదాకా బాగుంటాను.”

“ఏటి బాగుండేది?” అన్నాడు నాగబాబు. డాక్టరు ఎదురుగా ఉన్నాడన్న సంగతే మర్చిపోయాడు. “రథసప్తమికి కూడా ఫోన్లో ఏడ్సినావు కదే.”

గౌరి అతని వైపు చూడలేదు.

“నువ్వక్కడ ఒక్కడివే ఉంటావు కదా బావా. నువ్వు లేకపోయినా నాను బాగున్నానంటే, నువ్వేటనుకుంటావో అని.”

నాగబాబుకి వచ్చింది సిగ్గో కోపమో తెలియలేదు. అన్నేళ్ళుగా బోటు మీద మీసం మెలేసుకున్నది ఈ ఏడుపు చూసుకునా? తను వెళ్ళినందుకు మంచం పట్టలేదు, తను వచ్చినందుకు లేవలేదు. అటూ ఇటూ ఎక్కడా తను లేడు.

డాక్టరు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. “చూడండి, ఇందులో మీ తప్పు లేదు, ఆవిడ తప్పూ లేదు. కొంతమందికి ఎండ తగ్గిన కాలంలో మనసు దిగిపోతుంది. నిద్ర ఎక్కువ, తిండి ఎక్కువ, ఏ పనికీ ఒళ్ళు లేవదు. చలి దేశాల్లో శీతాకాలంలో వస్తుంది. మన దగ్గర అంతగా చూడం గానీ, ముసురు కాలంలో ఇలా అయ్యేవాళ్ళు నా దగ్గరికి వచ్చారు. ఈవిడది అదేనని ఇవాళే ఖాయంగా చెప్పను. ఇంకా చూడాలి. అలాగే అనిపిస్తోంది.”

“ఎండ లేకనా అండి?”

“వెలుతురు లేక. ఎందుకు కొందరికే వస్తుందో మాకూ పూర్తిగా తెలియదు. మందు ఇస్తాను, పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. పొద్దున్నే ఆరుబయట కూర్చోబెట్టండి. మబ్బున్నా సరే, ఇంట్లోకన్నా బయటే వెలుతురు ఎక్కువ.” తర్వాత గొంతు తగ్గించి గౌరిని అడిగాడు. “అమ్మా, బతకాలని లేదు అనిపిస్తుందా ఎప్పుడైనా?”

“అప్పుడప్పుడు,” అంది గౌరి.

బియ్యం నిండుకున్నాయా అని అడిగితే చెప్పినట్టు చెప్పింది. నాగబాబుకి నిన్నటి మాట గుర్తొచ్చింది. పక్కన పడుకున్న మనిషి ఇది మోస్తూ ఉంటే, తను ఉప్పు ఏల పట్టించలేదని అడిగాడు.

“వానలు తగ్గేదాకా ఈవిడని ఒంటరిగా వదలొద్దు,” అన్నాడు డాక్టరు. “మీరు ఊళ్ళోనే ఉంటారుగా?”

“ఉంటానండి,” అన్నాడు నాగబాబు.

తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. అతనికి ఒక్కటే అడగాలని ఉంది. అన్నేళ్ళలో ఒక్కరోజైనా, మబ్బు లేని రోజున, నన్ను తలుచుకుని ఏడిచావా అని. గౌరి అద్దం మీద జారే నీటిని చూస్తోంది. ఆ ప్రశ్న ఇప్పుడు అడగడం ఎంత సిగ్గుమాలిన పనో అతనికి తెలుసు. అయినా బస్సు దిగేదాకా అది గొంతులోనే ఉంది.

*

“ఎండ లేకనా?” అంది లక్ష్మణమ్మ.

“అవునంట.”

“ఎండ లేకపోతే సేప కుళ్ళుతాది. మడిసికేటవుతాది?” ఆవిడ కాసేపు కొడుకు మొహం చూసింది, వేళాకోళం ఆడుతున్నాడేమోనని. “ఎండ కావాలంటే అరసవిల్లి ఎల్లి సూర్నారాయణ స్వామికి మొక్కుకోవాల. డాక్టరు సంచిలో ఉంటాదేటి? మా కాలంలో వానలు కురవలేదా? నాను కనలేదా, పెంచలేదా? బుట్ట నెత్తినెట్టుకుని ఊరూరూ తిరగలేదా?”

“నీకు రాలేదు. దానికొచ్చింది.”

“నాకు పడుకుందికి ఎవులు కుదరనిచ్చినారురా?”

ఆవిడ గొంతులో మొదటిసారి కోపం కాక ఇంకేదో వినిపించింది. ఆవిడే దాన్ని గమనించి ముఖం తిప్పేసుకుంది.

“సచ్చిపోవాలనుంటాదంట అమ్మా. డాక్టరుకి సెప్పింది.”

లక్ష్మణమ్మ చేతిలో చేట ఆగింది. ఒక్క క్షణమే. “అందరికీ ఉంటాది అప్పుడప్పుడు,” అని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. ఈసారి బియ్యం సగం కింద పడ్డాయి.

“ఎవులో ఒకలు దాని దగ్గరుండాలంట. నాను ఎల్లను.”

“ఎల్లకు. ఇద్దరూ కూకుని ఆకాశం కేసి సూడండి.”

నాగబాబు కుర్చీ తెచ్చి వాకిట్లో చూరు అంచున వేశాడు. వాన వెలిసింది గానీ ఆకాశం బూడిద రంగులో కిందికి దిగిపోయి ఉంది. సముద్రం కూడా అదే రంగు. గౌరిని చెయ్యి పట్టి లేపి తెచ్చి కూర్చోబెట్టాడు. మందు వేశాడు. తలకి నూనె రాశాడు. నూనె రాయడం అతనికి రాదు, సగం చెవుల్లోకి పోయింది. ఇంకేం చెయ్యాలో తెలియక పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

బిందెలతో ఇద్దరు ఆడవాళ్ళు వీధిలో ఆగారు.

“ఏటే గౌరీ, మొగుడు కుర్సీ ఏసి కూకోబెట్టినాడు. తలకి నూనె రాస్తన్నాడు,” అంది ఒకామె. “ముందు జట్టుతో ఎల్లిన మా ఆయన అక్కడ బోటు మీద ఏటి తింటన్నాడో కూడా తెల్దు నాకు. ఇంకేటి లోటే నీకు?”

ఆమె ఎకసెక్కం ఆడలేదు. నిజంగానే అడిగింది. జవాబు కోసం నిలబడింది కూడా. గౌరి నోరు విప్పబోయింది, విప్పలేకపోయింది. నాగబాబు ఏదో అందామనుకున్నాడు. ఎండ లేక అంటే వీళ్ళు ఏమంటారో అమ్మ ముందే చూపించేసింది. వాళ్ళు కాసేపు చూసి వెళ్ళిపోయారు.

“బావా,” అంది గౌరి.

“ఏటే?”

“నువ్వు ఎల్లిపో. అసిరయ్య మావతో.”

“డాక్టరు సెప్పింది ఇన్నావు కదా.”

“ఇన్నాను.”

“మరి? నాను పక్కనుంటే నీకు కష్టంగుందేటి? నిజం సెప్పు. నానేటీ అనుకోను.”

గౌరి మెల్లగా మాట కూడదీసుకుంది. అలా మాట కూడదీసుకోవడం ఆమెకి పెద్ద బరువెత్తే పనిలా ఉందని అతనికి ఇప్పుడే కనిపిస్తోంది.

“నువ్వు ఇక్కడ లేవనుకో. నాను పడుకుంటే ఎవులూ ఏటీ అడగరు. మొగుడు ఊళ్ళో లేడు, బెంగెట్టుకుంది అనుకుంటారు. కూర అట్టుకొస్తారు. పక్కన కూకుని కబుర్లు సెప్తారు. అత్త కూడా జుట్టు దువ్వేది తెలుసా? కిందటేడు కూడా దువ్వింది.” ఊపిరి తీసుకుంది. “నువ్వు ఉంటే, ఏల ఏడుస్తన్నావే అని అడుగుతారు. నాకు తెల్దు కదా బావా. తెలిస్తే సెప్పనా?”

నాగబాబు ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కదల్లేదు, తోసెయ్యనూ లేదు. తను ఉంటే ఆమె ఒంటరిదవుతోంది. తను పోతే పేటంతా ఆమె పక్కన కూర్చుంటుంది. మరి ఎవరూ లేని వేళ, బతకాలని లేదన్న ఆ ఆలోచన వచ్చినప్పుడు? డాక్టరుకి ఉంటానని చెప్పినవాడు తనే. ఎటు చూసినా తప్పే కనిపించింది. సముద్రం మీద ఎంత గాలొచ్చినా ఏదో ఒకటి చెయ్యడానికి ఉంటుంది. ఇక్కడ ఏమీ లేదు.

“నాగా,” అంది వీధిలోంచి అసిరయ్య గొంతు. గొడుగు కింద ఆగి, లోపలికి రాకుండానే అడిగాడు. “ఏటంటావురా? నువ్వు కాకపోతే ఇప్పుడే ఎల్లి ఇంకొకణ్ణి సూసుకోవాల.”

నాగబాబు లేచి నిలబడ్డాడు. రానని చెప్పడానికే లేచాడు.

“వస్తాడు మావా,” అంది గౌరి.

కుర్చీ చేతుల మీద బలం పెట్టి, ఎవరూ పట్టుకోకుండా లేచింది. తూలి, నిలదొక్కుకుంది. “బట్టలు సర్దాల,” అంది, ఎవరితోనో తెలియకుండా. లోపలికి నడిచింది. కాసేపటికి అటక మీది సంచి దింపుతున్న చప్పుడు వినిపించింది.

“సూసినావా?” అంది లక్ష్మణమ్మ. ఆవిడ మొహం విప్పారింది. “లెగిసింది. నాను సెప్పలేదా?”

అసిరయ్య తేలికపడి, పొద్దున్నే తయారుగా ఉండమని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన్ని వెనక్కి పిలవాలని నాగబాబు రెండడుగులు వేసి ఆగిపోయాడు. లోపల గౌరి అతని చొక్కాలు దులిపి మడతపెడుతోంది. ముసురు పట్టాక ఆమె చేస్తున్న మొదటి పని అది. దాన్ని ఆపమనడానికి అతనికి నోరు రాలేదు.